దస్త్రమునకు దిక్కెవరు?

కొన్ని సంవత్సరముల క్రిందట, మేము ఒక చిన్న రేడియో నిలయమున పనిచేయుచున్న కాలమున, ఒక శ్రోత్రిణి యొద్దనుండి మాకొక ఉత్తరము వచ్చినది. ఆమె తండ్రిగారు వ్యవసాయదారులు. మెట్టపైరులను గూర్చి వారు మా నిలయమునుండి ఒకప్పుడు 10 నిమిషముల ప్రసంగము చేసియుండిరి. తరువాత కొంతకాలమునకు వారు కాలధర్మము నొందిరి. ఇంట వారి ఛాయాచిత్రములు రెండు మూడు కలవు గాని, వారి కంఠస్వరము మాత్రము ఎచ్చటను లేదు. ఆ ప్రసంగమునకు ప్రతి యొకటి ఇప్పింపగలరా యని ఆమె కోరిరి. వెదకుటకు వీలుగా ప్రసారమైన తేదీని గూడ వ్రాసి పంపిరి.

కోరిక చిన్నది, న్యాయమైనది. మేము వెంటనే రిజిస్టరు తెఱచి చూచితిమి. తేదీ సరిపోయినది, పేరు సరిపోయినది, టేపు సంఖ్య 112 అని గుండ్రని అక్షరములతో స్పష్టముగ వ్రాసియున్నది. అప్పటికే పాత టేపులన్నియు కంప్యూటరులోనికి ఎక్కింపబడి యుండుటచే పని సులభమనుకొంటిమి. 112 సంఖ్యగల ఫైలు కంప్యూటరులో నిజముగనే ఉన్నది. వినగా అది పిల్లల పాటల కార్యక్రమము!

విచారింపగా విషయము బోధపడినది. మా టేపుల భాండారమును చిరకాలము కాపాడిన పెద్దమనిషి, ప్రతి సంవత్సరము ఏప్రిల్ నెలలో సంఖ్యలను మరల ఒకటినుండి ప్రారంభించెడివాడు. ఏ సంవత్సరపు టేపు ఏ అరలో నున్నదో ఆయనకు కంఠతా వచ్చును. ఆయన ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఆ స్థానమున మఱియొకరిని నియమింపలేదు. టేపులను కంప్యూటరులోనికి ఎక్కించు పనిని 6 నెలల ఒప్పందముపై వచ్చిన ఒక యువకున కప్పగించిరి. అతడు శ్రద్ధగలవాడే. టేపుమీద నున్న సంఖ్యనే ఫైలునకు పేరుగా పెట్టుచు పోయెను. సంవత్సరమును గూడ చేర్చవలెనని అతనికి చెప్పినవారు లేరు. అదే పేరుతో వేఱొక ఫైలు ఉన్నది, దాని స్థానమున దీనిని ఉంచనా యని యంత్రము అడిగినప్పుడెల్ల, అది తాను మునుపు తీసిన ప్రతియే కాబోలునని తలచి అతడు సరేయనెను. ఒక సంవత్సరపు 112 తరువాతి సంవత్సరపు 112ను తుడిచివేసినది. పని పూర్తియైనదను నమ్మకముతో టేపులను కూడ వదలించుకొనిరి. ఆ రైతు కంఠస్వరము అట్లు పోయినది.

ఇందు దోషమెవరిది? యంత్రము చెడలేదు, అడుగవలసిన ప్రశ్నను అది అడుగనే అడిగినది. యువకుడు సోమరి కాడు. పెద్దమనిషి తన దినములలో ఒక్క టేపునైన పోగొట్టినవాడు కాడు. ముగ్గురును తమ తమ పని చేసిరి. కాని ఆ ముగ్గురి పనులను కలిపి, ఇది నా బాధ్యత యని చెప్పగల నాల్గవ మనిషి లేడు. ఆ మనిషిని నియమింపవలెనని ఎవ్వరికిని తోచలేదు. నేటి మా ప్రసంగమునకు విషయము ఆ లోటే.

ఇప్పుడు చిన్న చిన్న సంస్థలు సైతము పత్రనిర్వహణ వ్యవస్థ యను కంప్యూటరు ఏర్పాటును కొనుచున్నవి. పాఠశాలలు, సహకార సంఘములు, ఆసుపత్రులు, ధర్మసంస్థలు, ముద్రణాలయములు, వీనియందెల్ల బీరువాలు నిండిపోయినవి. కాగితములకు చెదలు పట్టుచున్నవి. కావలసిన కాగితము కావలసిన వేళకు దొరకదు. అందుచే యంత్రమును కొందురు, స్కానింగు చేయింతురు, ప్రారంభోత్సవము చేయుదురు. సంవత్సరము తిరుగునప్పటికి కాగితములు మరల బీరువాలోనికే చేరుచుండును. కంప్యూటరులో నున్నవేమో ఎవ్వరికిని దొరకకుండును. యంత్రమునకు ధనము కేటాయించిరి గాని మనుష్యులను కేటాయింపలేదు.

అసలు ఈ వ్యవస్థ చేయు పనియేమి? వచ్చిన పత్రమునకు పేరు పెట్టి ఒక వర్గములో చేర్చుట. దానిని ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్పవచ్చునో నిర్ణయించుట. మార్పు జరిగినచో పాత ప్రతిని క్రొత్త ప్రతిని వేర్వేఱుగ ఉంచుట. ఎంతకాలము దాచవలెనో అంతకాలము దాచుట. అడిగిన వెంటనే తీసి యిచ్చుట. ఈ అయిదింటిలోను యంత్రము చేయునది కేవలము ఆజ్ఞాపాలనము. ఆజ్ఞ ఇవ్వవలసినది మనిషి. ఆజ్ఞ ఇచ్చువాడు లేనప్పుడు యంత్రము ఎదుటనున్న వానిని అడుగును. ఎదుటనున్నవాడు తెలిసియో తెలియకయో సరేయనును.

ఒక్కని జ్ఞాపకముమీద దస్త్రములన్నియు ఆధారపడియుండుట మన తెలుగునాట క్రొత్త కాదు. గ్రామమున కరణముగారి ఇంట నుండెడి లెక్కల పెట్టెను ఎఱుగని పాతతరము వారుండరు. ఏ పొలము ఎవరిదో, ఏ శిస్తు ఎంతయో, ఏ గట్టు ఎచ్చట తిరుగునో, సగము కాగితములయందు, సగము కరణముగారి తలయందు ఉండెడిది. కరణము మంచివాడైనచో ఊరు సుఖపడెడిది. కానిచో ఊరు కోర్టులకెక్కెడిది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు మున్నగు గ్రామోద్యోగములను రద్దు చేసినది. పెట్టెను స్వాధీనపఱచుకొనవచ్చును, పెట్టెతోపాటు తలలోని జ్ఞాపకమును స్వాధీనపఱచుకొనుట ఎట్లు? పెద్ద కంప్యూటరును కొనియు దానిని ఒక్క గుమాస్తా చేతిలో పెట్టి ఊరకున్న సంస్థ, ఆ కరణముగారి పెట్టెనే మరల తయారు చేసికొన్నదని మా అభిప్రాయము.

ఈ సత్యమును మన చట్టములు కూడ గుర్తించినవి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము కేంద్రప్రభుత్వ కార్యాలయములకును, వాని అధీనములోని సంస్థలకును వర్తించును. అట్టి ప్రతి కార్యాలయమును తన అధికారులలో నొకరిని రికార్డుల అధికారిగా నియమింపవలెనని అది విధించినది. దస్త్రముల అమరిక, రక్షణ, ఎంతకాలము దాచవలెనను పట్టిక, అవసరము తీరినవానిని పరిశీలించి తొలగించుట, ఇవి యన్నియు ఆ అధికారి బాధ్యతలు. నియమములకు విరుద్ధముగ దస్త్రమును నాశనము చేసినచో 5 సంవత్సరముల వఱకు ఖైదు గాని, 10,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము, ప్రభుత్వసంస్థలు తమ దస్త్రములకు పట్టికలు, సూచికలు ఉంచవలెననియు, సామాన్యముగ 30 దినములలో కోరిన సమాచారమిచ్చుటయో, కారణము చూపి నిరాకరించుటయో చేయవలెననియు శాసించినది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమైనను, కంప్యూటరులో దాచినంత మాత్రమున చాలునని చెప్పలేదు. ఆ పత్రము తరువాత తెఱచి చూచుటకు వీలుగా నుండవలెను. ఎచ్చటినుండి వచ్చినది, ఏనాడు వచ్చినది మున్నగు గుర్తులు దానితో నుండవలెను. మా 112వ సంఖ్యకు లేకపోయినది ఆ గుర్తే కదా!

చిన్న ప్రైవేటు సంస్థలకు ఈ చట్టములన్నియు వర్తింపకపోవచ్చును. అందలి నీతి మాత్రము వర్తించును. దస్త్రముల నిర్వహణకు ప్రపంచమంతట ప్రమాణముగ నెంచబడు ఐ.ఎస్.ఓ. 15489 అను నిబంధనావళి 2001లో వెలువడి 2016లో సవరింపబడినది. అదియును ఎవరికి ఏ బాధ్యతయో, ఏ అధికారమో ముందుగ నిర్ణయించి అప్పగింపవలెననియే చెప్పుచున్నది.

అయిన చిన్న సంస్థ ఎంతమందిని నియమింపగలదు? ఇది అందఱు అడుగు ప్రశ్న. 40 మంది ఉద్యోగులు గల ఒక విద్యాసంస్థను ఉదాహరణముగ తీసికొందము. దానికి కావలసినవి నాలుగు బాధ్యతలు. నాలుగు క్రొత్త ఉద్యోగములు కావు.

మొదటిది నిర్ణయాధికారము. విద్యార్థుల ప్రవేశపు రిజిస్టరు శాశ్వతముగ ఉండవలెనా? చిల్లర ఖర్చుల రశీదులను ఎన్నియేండ్లు దాచవలెను? ఉపాధ్యాయుల స్వంత వివరములను ఎవరు చూడవచ్చును? ఈ ప్రశ్నలకు గుమాస్తా సమాధానము చెప్పలేడు, చెప్పరాదు కూడ. కార్యదర్శిగారో, ప్రధానాచార్యులవారో చెప్పవలెను. ప్రారంభమున కొన్ని దినములు కూర్చుండి నియమములు వ్రాసినచో, ఆపైన నెలకు ఒకటి రెండు గంటలు చాలును. కాని ఆ పేరు కాగితముమీద ఉండవలెను. పెద్దల అండ లేనిచో ఏ శాఖవారును తమ కాగితములను ఇచ్చివేయరు.

రెండవది పత్రపాలనము. ప్రతిదినము వచ్చిన పత్రములకు నియమము ప్రకారము పేర్లు పెట్టి, వర్గములలో చేర్చి, తప్పులు దిద్ది, అడిగినవారికి తీసి యిచ్చు పని యిది. సీనియరు గుమాస్తాగాని, గ్రంథపాలకుడుగాని ఇందుకు తగినవారు. మొదటి సంవత్సరము దినమునకు సగము పూటయైనను ఈ పనికి విడువవలెను. తరువాత రెండు గంటలతో సరిపోవచ్చును. ఆయన చేయుచున్న పాతపనిలో అంత భాగమును వ్రాతపూర్వకముగ తగ్గింపవలెను. పాతపని యంతయు అట్లే యుండ దానిపై దీనిని మోపినచో, నెల తిరుగక మునుపే ఆగిపోవునది ఇదియే.

మూడవది యంత్రరక్షణ. కంప్యూటరు నడచుచున్నదా, ప్రతులు తీయబడుచున్నవా, తీసిన ప్రతినుండి పత్రము మరల తెఱచుకొనుచున్నదా యని చూచుట. దీనికి వారమునకు కొన్ని గంటలు వచ్చి పోవు బయటివారైనను చాలును. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములమీద, అందొకటి వేఱొక చోట ఉండవలెనని ఈ వృత్తివారి సూత్రము. అయితే బయటివారి చేతిలో మాత్రమే తాళపుచెవి ఉండరాదు. ప్రధానమైన పాస్‌వర్డును ఒక కవరులో పెట్టి, సీలు వేసి, కార్యదర్శిగారి బీరువాలో భద్రపఱచవలెను. మార్చినప్పుడెల్ల కవరును కూడ మార్పవలెను.

నాల్గవది శాఖల సహకారము. లెక్కలు, పరీక్షలు, కార్యాలయము, వసతిగృహము, ఒక్కొక్క శాఖనుండి ఒక్కొక్కరు దినమునకు పావుగంట ఇచ్చినచో చాలును. ఒక కాగితము ఏ విషయమునకు సంబంధించినదో దానిని పుట్టించిన శాఖకే తెలియును. పత్రపాలకుడు ఊహించి పేరు పెట్టినచో పొరపాటు అప్పుడే ఆరంభమగును.

ఈ నాలుగు బాధ్యతలలో రెండింటిని ఒకరే వహింపవచ్చును, ఒక్క నిబంధనకు లోబడి. పత్రమును తొలగింపుడని ఆజ్ఞ ఇచ్చువారును, దానిని తొలగించువారును ఒక్కరే కారాదు. తొలగింపునకు రెండు సంతకములుండవలెను. మా నిలయమున ఆ రెండవ సంతకము అవసరమై యుండినచో, టేపులను బయటికి పంపుటకు ముందు ఎవరో ఒకరు రిజిస్టరు తెఱచి, పది ఫైలులనైనను విని చూచియుందురు. ఎనిమిదింట ఏడు తప్పని అప్పుడే తెలిసియుండెడిది.

ఇక ఎవరిని ఎన్నుకొనవలెను? సామాన్యముగ జరుగునది యిది: కార్యాలయమున వయస్సున చిన్నవానిని, కంప్యూటరు బాగుగ వచ్చినవానిని పిలిచి ఇది నీ పని యందురు. ఇది పొరపాటని మా అనుభవము. యంత్రమును నడపుట నెలదినములలో నేర్చుకొనవచ్చును. ఈ కాగితము ఎందుకు పుట్టినది, రేపు దీనిని ఎవరు అడుగుదురు, ఏ పేరుతో అడుగుదురు అను తెలివి రావలెనన్నచో సంస్థలో కొన్నియేండ్లు మెలగవలెను. కావున సంస్థను ఎఱిగినవారిని పత్రపాలకులుగ నియమించి, యంత్రము తెలిసిన చిన్నవానిని వారికి తోడుగ ఉంచుట మేలు. ఇద్దఱును ఒకరియొద్ద నొకరు నేర్చుకొందురు. ఒకరు వెళ్ళినను మఱియొకరు మిగులుదురు.

మఱియొక సంగతి. మన కార్యాలయములలో రికార్డుగదికి మార్చిరనగా శిక్షించిరని అర్థము చెప్పుకొనుట వాడుకయై యున్నది. అట్టి తలంపుతో పంపబడినవాడు ఆ పనిని ప్రేమించునా? సంస్థయొక్క జ్ఞాపకశక్తిని అతని చేతిలో పెట్టుచున్నాము. ఆ పనికొక పేరు, ఆ పేరునకొక మర్యాద, వీలైనచో కొంత భత్యము ఏర్పఱుపవలెను. ఏడాదికొకసారి జరుగు సమావేశమున కోశాధికారి లెక్కలు చదివినట్లే, పత్రపాలకుని నివేదికను కూడ చదివింపవలెను.

పాత కాగితముల గుట్టలను స్కానింగు చేయించుట వేఱు పని. దానికి తాత్కాలికముగ మనుష్యులను పెట్టుకొనవచ్చును. కాని నియమములు ముందు వ్రాసి, పిమ్మట మనుష్యులను పిలువవలెను. ప్రతి 100 కాగితములలో 5 తీసి అసలుతో పోల్చి చూడవలెను. తాత్కాలికులు వెళ్ళిపోవునప్పుడు తాము చేసినది చేసినట్లు ఒక పుస్తకములో వ్రాసి యిచ్చి వెళ్ళవలెను. వచ్చిపోవు మనిషిని నిలిచియుండు మనిషియని భ్రమించుట, మా నిలయము చేసిన మొదటి తప్పు.

ఐదుగురే పనిచేయు చోట ఇవి యన్నియు సాధ్యమా యని కొందఱు అడుగవచ్చును. అచ్చట అందఱును కలిసి చూచుకొందుమని చెప్పుటయు కలదు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరక అనలేదు. అందఱి పని ఎవ్వరి పనియు కాదు. ఐదుగురున్నచోట ఇద్దఱి పేర్లు వ్రాయుడు: ఒకరు నిర్ణయించువారు, ఒకరు పాలించువారు. యంత్రరక్షణను బయటివారి కప్పగింపుడు. మిగిలిన మువ్వురు తమ కాగితములకు తామే పేరు వ్రాసి యిత్తురు. వారమున కొక గంట అందఱును ఈ పనికి కూర్చుండినచో, గుట్టలు పెరుగవు.

అంతయు చక్కగ ఉన్నదని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. పత్రపాలకునికి 15 దినములు సెలవిచ్చి పంపుడు. ఆయనకు టెలిఫోను చేయకుండ, గతసంవత్సరపు కాగితమొకటి, పదేండ్ల నాటి కాగితమొకటి వేఱొకరిచేత వెదకింపుడు. దొరకినచో మీకు వ్యవస్థ యున్నది. దొరకనిచో మీకు ఒక మంచి మనిషి మాత్రమే ఉన్నాడు. ఆయన ఉద్యోగవిరమణ చేసిన నాడు మీ దస్త్రములు కూడ విరమించును.

ఈ పరీక్ష ఇండ్లకు కూడ చెల్లును. పొలము దస్తావేజులు, భీమా పత్రములు, పిల్లల పుట్టుక ధ్రువపత్రములు ఎచ్చట నున్నవో ఇంటి యజమానికొక్కనికే తెలిసిన కుటుంబములు ఎన్ని లేవు? ఆయన ఆసుపత్రిలో నున్న వేళ బీరువాముందు నిలిచి దిక్కుతోచని ఇల్లాండ్రను మనమందఱము చూచియే యున్నాము. ఇంటనైనను, సంస్థలోనైనను, మొదటివానితో సమముగ రెండవ మనిషికి తెలిసియుండుట మర్యాదకు లోటు కాదు; అది రక్షణము.

ఇక మా శ్రోత్రిణి మాట. ఆమెకు మేము జరిగినది జరిగినట్లు వ్రాసితిమి. దొరకలేదని మాత్రమే వ్రాయుట సులభము. కాని మా అజాగ్రత్తచే పోయినదని చెప్పుట ధర్మమనిపించినది. పదునైదు దినములకు ఆమెనుండి ప్రత్యుత్తరము వచ్చినది. నిష్ఠురమొక్కటియు లేదు. తండ్రిగారు తాము ప్రసంగమును వ్రాసికొన్న కాగితములు పెట్టెలో దొరకినవనియు, కంఠము పోయినను మాటలైనను మీయొద్ద ఉండనిండనియు వ్రాసి, వాని నకలును జతపఱచిరి.

ఆ నెలలోనే మా నిలయమున ఒక పత్రపాలకుని నియమించిరి. గ్రంథాలయమున పనిచేయుచుండిన ఉద్యోగినికి సగము పూట ఈ పనికై విడిచిరి. మఱొకరిని తోడుగ ఇచ్చిరి. క్రొత్త నియమము ప్రకారము మొట్టమొదట నమోదైన పత్రము ఆ రైతు వ్రాతప్రతియే. సంవత్సరము, శాఖ, విషయము, సంఖ్య, అన్నియు దానిపై ఉన్నవి. ఎవరు వెదకినను అరనిమిషములో దొరకును. దానిని చూచినప్పుడెల్ల మాకు సంతోషమును కలుగును, సిగ్గును కలుగును. ఆ నియామకము ఒక్క సంవత్సరము ముందు జరిగియుండినచో, ఆ కుమార్తెకు మేము కాగితమును కాక కంఠమును పంపియుందుము.